ముప్పైవేల ముప్పైయొకటి

రాతి పలక మీద ఏమి చెక్కాలో చెప్పి రావడానికి కొమురయ్య పంతులు పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగాడు. రాళ్లు చెక్కే మల్సూర్ పాక రోడ్డు పక్కనే ఉంది. ముందు నాపరాళ్లు నిలువుగా ఆనించి ఉన్నాయి.

సూర్యాపేటలో కొమురయ్య పనిచేసే ప్రైవేటు బడికి కొత్తగా ఒక గది కడుతున్నారు. కట్టిస్తున్నది మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉన్న నరసింహారావు. ఏడాది కిందట, పంతొమ్మిదివందల నలభై ఎనిమిది వానాకాలంలో, మూసీలో కొట్టుకుపోయిన కొమురయ్య కొడుకు వెంకన్న పేరు ఆ గదికి పెడుతున్నారు. గుమ్మం పక్క గోడలో ఒక పలక ఉండాలని, దాని మీద వెంకన్న పేరు, పేరు కింద 30031 అనే సంఖ్య, ఆ కింద ‘దేనికీ తెగని సంఖ్య’ అనే మాట చెక్కించాలని నరసింహారావే అన్నాడు.

కొమురయ్య ఇచ్చిన కాగితాన్ని మల్సూర్ దూరంగా పట్టుకుని చదివాడు.

“పేరు సరేనండి. ఈ అంకెలేంటండీ పంతులుగారూ? చూసినోళ్లు లారీ నెంబరనుకుంటారు.”

“లెక్కల్ల ఉండే సంఖ్య. మా పిలగాడు పిల్లలకు చెప్పేటోడు.”

“ఇప్పుడేం చేస్తన్నాడండి అబ్బాయి?”

“లేడు. ఆ పేరు వాందే.”

మల్సూర్ నవ్వు ఆపి, చేతులు పంచెకు తుడుచుకుని కాగితాన్ని మళ్లీ అందుకున్నాడు. ఈసారి ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివాడు.

“ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కాగితం మీదైతే కొట్టేసి రాసుకోవచ్చు. రాయి మీద తప్పు పడితే రాయే పోద్దండి. సంత అయ్యాక మొదలెడతాను. ఈలోపు మార్పేమన్నా ఉంటే కబురెట్టండి.”

మార్పు ఏముంటుంది, అన్నాడు కొమురయ్య. ఆ మాట కొంచెం కోపంగానే అన్నాడు.

కొమురయ్యది పెన్‌పహాడ్. తాత తండ్రుల నుంచి గొర్లు కాసే ఇల్లు. చిన్నప్పుడు కాలు విరిగి వంకరగా అతుక్కుంది. మంద వెంట నడవలేడు గనుక తండ్రి అతన్ని సూర్యాపేటలో సర్కారు బడిలో వేశాడు. చదువంతా ఉర్దూలో. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ తెగని సంఖ్యను ముఫ్రద్ అంటారని, తెగేదాన్ని మురక్కబ్ అంటారని అక్కడి మౌల్వీసాబు చెప్పాడు. తెగడం అంటే శేషం లేకుండా భాగింపబడడం. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి కొమురయ్య. అతని తమ్ముడు మంగయ్య ఇంటి పనికే ఉండిపోయాడు.

ముఫ్రద్ అన్న మాట వినగానే కొమురయ్యకు మంద గుర్తుకొచ్చింది. వాళ్ల మందలో ఎప్పుడూ ఒక పొట్టేలు దురాజ్‌పల్లి గట్టు మీది లింగమంతుల స్వామికి మొక్కినది ఉండేది. అన్నదమ్ముల మధ్య పంపకం వస్తే ముందు దాన్ని ఒక పక్కన నిలబెట్టేవారు. పంచుకునేవాళ్లు ఇద్దరైనా ముగ్గురైనా ఐదుగురైనా మిగతా జీవాలనే పంచుకోవాలి. ఆ పొట్టేలు మందలోదే, కాని ఎవరి వాటాలోకీ రాదు. కొమురయ్య తాత దానికి ఇంకో మాట కలిపేవాడు. ఆ పొట్టేలు ఉన్నంతకాలం మంద పూర్తిగా తెగినట్టు కాదు అని.

కుర్రతనంలో కొమురయ్య దాన్ని పలక మీదికి తెచ్చుకున్నాడు. రెండును మూడుతో గుణిస్తే ఆరు. దేవుని పొట్టేలును కలిపితే ఏడు. ఏడు తెగదు. రెండు, మూడు, ఐదు గుణిస్తే ముప్పై. ఒకటి కలిపితే ముప్పైయొకటి. అదీ తెగదు. ఏడుతో కూడా గుణించి ఒకటి కలిపితే 211. పదకొండుతో కూడా గుణించి కలిపితే 2311. వీటిలో ప్రతిదాన్నీ విడిగా కూర్చుని పరీక్షించాడు. ఒక్కటీ తెగలేదు. పదమూడుతో కూడా గుణిస్తే 30030. ఒకటి కలిపితే 30031. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, ఈ ఆరింటిలో దేనితో భాగించినా ఒకటి మిగిలి తీరుతుంది. దాన్ని మాత్రం అతను అంతకు మించి పరీక్షించలేదు. అన్నిచోట్లా నిలిచింది ఇక్కడ మాత్రం ఎందుకు నిలవదు అనుకున్నాడు. పంతులయ్యాక ఏటేటా పిల్లలకు అదే చెప్పాడు.

నలభై ఎనిమిదిలో నిజాం మనుషుల దాడులతో సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లు బతకడానికి లేకుండా అయినప్పుడు చాలా ఇళ్లవాళ్లు నడిగూడెం చేరి అక్కడ క్యాంపు పెట్టుకున్నారు. ఆ ఊరు ఉన్న మునగాల పరగణాకు చుట్టూ హైదరాబాద్ రాజ్యమే ఉన్నా అది కృష్ణా జిల్లాలోది. అక్కడ నిజాం అధికారం లేదు. గొర్ల ఇళ్లవాళ్లు, ధాన్యం వ్యాపారం చేసే ఇళ్లవాళ్లు ఒకే దొడ్లో వండుకున్నారు. కొమురయ్య ఒక పశువుల కొట్టంలో బడి పెట్టాడు. ఇరవై ఏళ్ల వెంకన్న చిన్నపిల్లలకు చెప్పేవాడు. గొంతు పెద్దది. ఏది చెప్పినా దొడ్డంతా వినపడేది. కొట్టం గోడ మీద బొగ్గుతో 30031 అని అతనే రాశాడు.

“దీన్ని ఎవరు విడగొడ్తరు?” అని అరిచేవాడు.

“ఎవరూ విడగొట్టలేరు!” అని పిల్లలు అరిచేవారు.

తమ ఇంటివాళ్లతో అక్కడే ఉన్న నరసింహారావు ఒకరోజు నీళ్ల దగ్గర ఆడవాళ్లు కొట్లాడుకుంటుంటే వెళ్లి, ఆ గోడ దిక్కు చూసి మాట్లాడండమ్మా అన్నాడు. ఆ తర్వాత పెద్దవాళ్లు కూడా ఆ సంఖ్య పేరెత్తడం మొదలుపెట్టారు.

శ్రావణంలో మంద ఇంకా మూసీకి అవతల, మిర్యాలగూడ వైపు మంగయ్య దగ్గర ఉంది. దాన్ని ఇవతలికి తోలుకు రావడానికి వెంకన్న వెళ్లాడు. దాటుతుండగా పైన ఎక్కడో పడిన వాన నీళ్లు వచ్చాయి. మంగయ్య ఒక తాటిదుంగ దొరికి ఒడ్డున పడ్డాడు. వెంకన్న పడలేదు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దాకా రెండు ఒడ్లూ వెతికారు. ఏమీ దొరకలేదు. వాళ్ల ఇళ్లల్లో చనిపోయినవాళ్లను పూడ్చి తలదిక్కున రాయి పాతుతారు. పూడ్చని మనిషికి రాయి లేదు.

నిజాం ఏలుబడి పోయి అందరూ సూర్యాపేటకు తిరిగి వచ్చాక నరసింహారావు గది మాట, పలక మాట చెప్పినప్పుడు కొమురయ్య భార్య బక్కమ్మ ఒక్కటే అడిగింది. “రాయి మీద వాని పేరుంటదా?” ఉంటుందన్నాడు కొమురయ్య. ఏడాదిలో ఆమె కడుపు నిండా తిన్నది ఆ పూటే.

కోదాడ నుంచి వచ్చాక కొమురయ్యకు మల్సూర్ మాట మనసులోంచి పోలేదు. రాయి మీద పడేదాన్ని చూసి పంపడంలో తప్పేముంది అనుకున్నాడు. మరునాడు పిల్లలు అన్నాలకు ఇళ్లకు పోయాక తలుపు దగ్గరికి వేసి సుద్దముక్క తీసుకున్నాడు.

ఎంతవరకు చూడాలో అతనికి తెలుసు. తనను తాను గుణించుకుంటే ముప్పైవేలు దాటే సంఖ్య వస్తే ఆగవచ్చు. అంటే నూటడెబ్బైమూడు దాకా. అందులోనూ ముఫ్రద్ సంఖ్యలతో చూస్తే చాలు. పదమూడు దాకా చూసే పని లేదు గనుక పదిహేడుతో మొదలుపెట్టాడు. తొమ్మిది మిగిలింది. ఇన్నేళ్లూ ఆ సంఖ్య దగ్గర ఒకటి మిగలడమే చూశాడు గాని తొమ్మిదిని చూడలేదు. పంతొమ్మిదితో పదకొండు మిగిలింది. ఇరవైమూడుతో పదహారు, ఇరవైతొమ్మిదితోనూ పదహారే. ఇంతదాకా దేవుని పొట్టేలును మిగిల్చినవి అతను గుణించిన ఆరు సంఖ్యలే. మిగతా సంఖ్యలకు ఆ మొక్కుతో పని లేదని అప్పుడే అతనికి అర్థమైంది. చెయ్యి కొంచెం తొందరపడింది. యాభైమూడుతో ముప్పైమూడు మిగిలింది. యాభైతొమ్మిది వేశాడు.

ఐదువందల తొమ్మిదిసార్లు పోయింది. కింద సున్న వచ్చింది.

తుడిచేసి మళ్లీ చేశాడు. తరవాత ఐదువందల తొమ్మిదిని యాభైతొమ్మిదితో గుణించి చూశాడు. ముప్పైవేల ముప్పైయొకటే వచ్చింది. ఐదువందల తొమ్మిదిని విడిగా పరీక్షించాడు. అది ముఫ్రద్. యాభైతొమ్మిదీ ముఫ్రదే. కనుక 30031ని భాగించేవి నాలుగే: ఒకటి, యాభైతొమ్మిది, ఐదువందల తొమ్మిది, ఆ సంఖ్య. అది మురక్కబ్.

పిల్లలు తిరిగి వచ్చేసరికి కొమురయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బోర్డు మీద ఉన్నది అలాగే ఉంది. చిన్న తరగతివాళ్లు కావడంతో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎక్కాలు చదవమని చెప్పి అతను కొట్టంలో వినపడిన ఆ గొంతునే తలుచుకుంటూ ఉండిపోయాడు. తప్పు తనది. చెప్పించింది మాత్రం కొడుకు నోట.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి బక్కమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. పెన్‌పహాడ్ నుంచి వచ్చిన మంగయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“రాయి ఎప్పుడిస్తనన్నడు?” అంది బక్కమ్మ.

“జర ఆపుమని కబురు వెడుదామనుకుంటున్న.”

చాట ఆగింది. “ఎందుకు?”

“లెక్క తప్పు. తెగదని చెప్పిన గదా. తెగుతది.”

“ఎట్లనే అన్నా?” అన్నాడు మంగయ్య. “దేవుని పొట్టేలు మిగుల్తది గదా? చిన్నప్పుడు నాకు గులకరాళ్లు పెట్టి సూపిస్తివి.”

“నేను గుణించిన ఆరింటికే అది మిగులుతది. బయట ఇంకా చాన సంఖ్యలున్నయ్. అవి నా కంటికి రాలే.”

“గంతేనా. పంచుకునేది మన అన్నదమ్ములే అనుకున్నవ్. బయటోడు వస్తడనుకోలే.” మంగయ్య నవ్వబోయి వదిన మొహం చూసి మానేశాడు.

“తెగితే తెగనియ్యి,” అంది బక్కమ్మ. “నా కొడుకు పేరు గూడ తప్పేనా? పేరెందుకు ఆగాలె?”

“వదినె, జర ఆగు. అన్న ఏం జెప్తుండో ఇను.”

“నువ్వు సప్పుడు జెయ్యకు మంగయ్యా. ఏట్లకెల్లి నువ్వు బయటవడ్డవ్. వాడు వడలే.”

మంగయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. బక్కమ్మ చాటను కింద పెట్టింది.

“పిలగాన్ని ఏరు తీస్కపాయె. రాయిని నువ్వు తీస్తవా?”

“తీస్తననలే. అబద్ధం చెక్కించనంటున్న. వాని పేరు కింద అబద్ధం ఉండొద్దు.”

“వానికి తెల్వదు గదా అది అబద్ధమని.”

“తెల్వదు.”

“నాయిన చెప్పింది నిజమనుకుంటనే పోయిండు. మంచిదే గదా?”

“గదే నన్ను తింటున్నది,” అన్నాడు కొమురయ్య.

ఆమె మళ్లీ చాట అందుకుంది గాని చెరగలేదు.

గది గోడలు లేచి కప్పు వేస్తున్న రోజున నరసింహారావు మిర్యాలగూడ నుంచి వచ్చాడు. దూలాలు చూసి, తలుపు చెక్కను వేలితో కొట్టి చూసి, పలక సంగతి అడిగాడు. కొమురయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బక్కమ్మ భర్తకు సద్ది తెచ్చి ఇటుకల పక్కన నిలబడి ఉంది.

“గిదేం పరేషాన్ పంతులూ?” అన్నాడు నరసింహారావు. “కూసోని దాన్ని భాగించేటోడెవడు? సూర్యాపేటల ఒక్కడన్న ఉన్నడా?”

“నేనున్న గదా సావుకారూ.”

నరసింహారావు తల గోక్కున్నాడు. “మా గిరిజ ఇప్పటికీ అంటది, నాయినా, మన క్యాంపుది ముప్పైవేల ముప్పైయొకటి అని. అందరం దాన్ని పట్టుకునే ఆ నెలలు ఎల్లదీసినం. ఇప్పుడు పోయి, అది తెగేదే అంటవా?”

“అది అప్పుడు గూడ తెగేదే. మనకు తెల్వలే.”

“పోనీ, రెండువేల మూడువందల పదకొండు రాయించు. అది తెగదంటివి.”

“అది తెగదు. నిజమే. కాని వెంకన్న గోడ మీద రాసింది అది కాదు.”

“మరి ఏం జేద్దామంటవ్?”

“వాని పేరు. కింద అదే సంఖ్య. అది ఎట్ల తెగుతదో పక్కన్నే రాయిపిస్త.”

“తప్పు చేసినమని మనకు మనమే రాయి మీద రాస్కునుడా? అడిగినోళ్లకు ఏం జెప్పాలె?”

“చేసింది నేను. నన్ను అడుగుమను.”

నరసింహారావు దూలాలవైపు ఒకసారి చూశాడు. “గది నీ కొడుకు పేరు మీదిది. నీ ఇష్టం,” అని, వచ్చిన బండి దగ్గరికి నడిచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, “నాకైతే పాత మాటే మంచిగుండె,” అన్నాడు.

బక్కమ్మ సద్ది గిన్నె ఇటుకల మీద పెట్టింది.

“పేరు పైన్నే ఉంటదా?”

“పైన్నే.”

“పెద్దగ?”

“అన్నిటికంటె పెద్దగ.”

“ఇగ కింద నీకు తోచింది రాసుకో.” ఆమె కొంగు సర్దుకుంది. “రెండు ముక్కలేనా, ఇంకా అయితదా?”

“రెండే. ఆ రెండూ ఇగ తెగయ్.”

అతను తినేదాకా ఆమె అక్కడే ఉండి గిన్నె తీసుకుని వెళ్లింది.

ఈసారి కోదాడకు కబురు పంపకుండా కొమురయ్యే వెళ్లాడు. మల్సూర్ రాయిని నున్నగా చేశాడు గాని ఉలి పెట్టలేదు. కొత్త కాగితం చూసి కళ్లు చిట్లించాడు.

“ఈ మధ్యలో ఇంటూ మార్కేంటండీ?”

“గుణకారం గుర్తు.”

“మొన్న దేనికీ తెగదని రాసిచ్చారు కదండీ?”

“ఇచ్చిన.”

“ఇప్పుడు తెగుద్దంటారు.”

“తెగుతది. అప్పుడు నేను చూసుకోలే.”

మల్సూర్ కాగితాన్ని రాయి పక్కన పెట్టాడు. నేల మీద గోనెపట్టా పరిచి పంతులుకు చోటు చూపించాడు. పేరులోని మొదటి అక్షరం పడేదాకా కొమురయ్య అక్కడే కూర్చున్నాడు. తరవాత బస్సు టైమయిందని లేచాడు.

గది తెరిచిన రోజున పలక అప్పటికే గోడలో ఉంది. పైన ‘కొమురయ్య కొడుకు వెంకన్న’ అని, కింద ‘30031 = 59 × 509’ అని ఉంది. నడిగూడెంలో చదివిన పిల్లలు చాలామంది వచ్చారు. నరసింహారావు కూతురు గిరిజ జడలు వెనక్కి వేసుకుని పలక ముందు నిలబడి చదివింది. మళ్లీ చదివింది. తరవాత కొమురయ్య దగ్గరికి వచ్చి మెల్లగా, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

“సారూ, రాయి చెక్కినాయన తప్పు చెక్కిండు.”

“తప్పు లేదు బిడ్డా.”

“మీరు తెగదన్నరు గదా? వెంకన్న సారు గూడ అన్నడు.”

ఈసారి గొంతు పెరగడంతో చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. నరసింహారావు కూతురి చెయ్యి పట్టుకోబోయాడు.

“నేను తప్పు చెప్పిన,” అన్నాడు కొమురయ్య. ఆ మాట అందరికీ వినపడేలాగే అన్నాడు. “వెంకన్న సారు నేను చెప్పిందే మీకు చెప్పిండు. వాని తప్పు లేదు. లోపలికి వచ్చి నువ్వే భాగించు.”

కొత్త బోర్డుకు ఇంకా రంగు వాసన పోలేదు. గిరిజ యాభైతొమ్మిది రాసింది, పక్కన పెద్ద సంఖ్య రాసింది. మొదటిసారి తీసివేతలో పొరపడి తుడిచింది. కొమురయ్య సాయం చేయలేదు. పెద్దవాళ్లు గుమ్మంలో, కిటికీల దగ్గర నిలబడి చూశారు.

“సున్న వచ్చింది సారూ,” అంది గిరిజ.

“అవు బిడ్డా. సున్ననే. ఎన్నిసార్లు పోయిందో పైన రాయి.”

బయట బక్కమ్మ పసుపు, కుంకుమ తెచ్చి పలక ముందు కూర్చుంది. మంగయ్య అందరికంటె వెనక, గోడ చివర నిలబడి ఉన్నాడు. ఆమె తల తిప్పి అతన్ని చూసింది.

“మంగయ్యా, గా నీళ్ల చెంబు ఇటు పట్టు.”

అతను వచ్చి చెంబు పట్టుకున్నాడు. ఆమె పేరును తడిపి, ప్రతి అక్షరానికీ పసుపు రాసింది. పసుపు నీళ్లు కింది వరుస మీదికి కారుతుంటే కొంగు చివరతో తుడిచింది.

“అంకెలు గూడ పుయ్యాల్నా వదినె?” అన్నాడు మంగయ్య.

“వద్దు. పిల్లలకు కనవడాలె.”